రేడియో మాట్లాడాల్సిన గురువారం

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. ఒత్తు పెట్టాల్సిన చోట మరిచిపోతాను, అక్కర్లేని చోట రెండు పెడతాను. పత్రికవాళ్లు దిద్దుతున్నారు కాబట్టి మీ దాకా రావడం లేదు గానీ, నా కాగితం చూస్తే కోడి కెలికినట్టు ఉంటుంది. ఒక పేజీకి నాకు రెండు రోజులు పడుతుంది. పోయిన వారం భాగం రాకపోవడానికి కారణం అదే, జ్వరం కాదు. అరవై దాటాక అక్షరాలు పట్టుబడ్డ మనిషిని. మెల్లగా వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

*

"సంతకం పెట్టేశాను," అన్నాడు గడియారం.

నేనింకా చెప్పులు కూడా విడవలేదు. లోపలికి వచ్చాక చెబితే నేను కూర్చుంటానేమో, కూర్చుంటే గొడవ పెద్దదవుతుందేమో అన్నట్టు గుమ్మంలోనే చెప్పేశాడు.

గడియారమంటే నా చిన్ననాటి స్నేహితురాలు రేడియోకి తమ్ముడు. చేతి గడియారాలు, గోడ గడియారాలు బాగుచేస్తాడు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా అక్క ముందు చేతులు కట్టుకునే నిలబడతాడు. ఇప్పుడు ఆ అక్క మంచం మీద ఉంది, వీడి చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీలు తిప్పుతున్నాయి.

"దేని మీద పెట్టావు?"

"హోం కాగితాల మీద. శనివారం పొద్దున వ్యాను వస్తుంది."

"ఇవాళ గురువారం కదయ్యా. డాక్టరమ్మ ఇంకా రానేలేదు."

"ఆమె వచ్చినా రాసేది ఒకటే కదక్కా. ఆరు వారాలు రాసిందే ఏడో వారమూ రాస్తుంది."

"ఏడోది చూడకుండానే నువ్వు సంతకం పెట్టావు."

"మంచాలు అయిపోతున్నాయన్నారు."

రేడియోకి ఏడు నెలల కిందట కుడిపక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. వాటితో పాటు మాట కూడా పోయింది. ఆసుపత్రివాళ్లు మాటల డాక్టరమ్మను ఏడు గురువారాలు ఇంటికి పంపుతామన్నారు. ఆ ఏడింటిలో ఒక్క మాట, తెలిసి అన్న మాట, ఒక్కటి వినబడితే వైద్యం ఇంకో ఆరు నెలలు సాగుతుంది. వినబడకపోతే 'జవాబు లేదు' అని రాసి ఫైలు మూసేస్తారు. ఆపైన ఊరి చివరి హోమే. నేను వెళ్లి చూసొచ్చాను. శుభ్రంగానే ఉంది, అబద్ధం చెప్పను. నలభై మంచాలు. తుడవడానికి వీలుగా ఉంటుందని అందరినీ గోడవైపు తిప్పి పడుకోబెడతారు.

గోడవైపు. రేడియోని.

లోపల కుట్టుమిషను నడుస్తోంది. గడియారం పెళ్లాం, అంటే రేడియో మరదలు, స్కూలు చొక్కాలకు కాలర్లు కుడుతుంది. పక్కన కట్టలు కట్టలుగా తెల్ల గుడ్డ. నన్ను చూసి తల ఊపింది, కాలు మాత్రం ఆపలేదు. కిటికీ కింద మంచం మీద రేడియో, రెండు దిళ్ల మీద ఆనుకుని, మిషను సూది వైపు చూస్తోంది.

ఒకే ఇంట్లో రేడియో, గంట, గడియారం. ఇన్ని మోగే వస్తువులుండీ ఆ ఇంట్లో వినబడేది ఆ మిషను ఒక్కటే.

గంటను నేను.

"ఏమే, తిన్నావా?" అన్నాను మంచం అంచున కూర్చుని.

రేడియో నా వైపు చూసి, కళ్లు మళ్లీ సూది మీదికి తిప్పుకుంది.

"తింది," అంది మరదలు. "పావుగంట తినిపించాను. సగం మెడ మీద పోసుకుంది. ఆ దుప్పటి మార్చి ఇంకా అరగంట కాలేదు, జాగ్రత్తగా కూర్చోండి."

"శనివారమట కదమ్మా."

"అవును."

"ఇవాళ చూడకుండా."

మరదలు కాలరు చివర దారం పళ్లతో కొరికి కట్టలో పడేసింది. "గంటమ్మక్కా, మీరు వారానికి ఒక రోజు వస్తారు. వచ్చిన రోజు గంటన్నర కూర్చుంటారు. అందులో అరగంట పాడతారు. మీరు పాడే అరగంటా నేను ఓర్చుకుంటున్నాను, మిగతా ఆరున్నర రోజులూ ఆమె ఓర్చుకుంటోంది, నేను ఓర్చుకుంటున్నాను. చూడకుండా అనకండి. ఏడు నెలల్నించి నేను చూడనిది ఏముంది?"

జవాబు లేనప్పుడు మనిషికి కోపం ఎక్కువొస్తుంది.

"అలా అని మనిషిని తీసుకెళ్లి గోడవైపు తిప్పేస్తామా?"

"మీ ఇంట్లో కిటికీవైపు తిప్పుకోండి, ఎవరొద్దన్నారు?"

గడియారం గుమ్మంలోంచి "ఏయ్" అన్నాడు, ఎవరిని అన్నాడో తెలియకుండా. మిషను మళ్లీ మొదలైంది.

నా సంగతి మరదలికి తెలుసు. నేనుండేది కొడుకు దగ్గర, రెండు బస్సులు మారి రావాలి. మనవరాలికి ఇంకా తొమ్మిది నెలలే. కోడలు మొన్న సోమవారమే మళ్లీ ఉద్యోగంలో చేరింది, అదీ నన్ను నమ్ముకుని. ఈ పూట పిల్లను పక్కింట్లో వదిలి వచ్చాను. అది తెలిసే అంది ఆ మాట.

రేడియో ఎడంచెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. ఒకప్పుడు ఆ చేతికి ఊరుకోవడం తెలిసేది కాదు.

*

'హైస్కూలు స్నేహితురాలు' అని నేను ఎవరికైనా చెబితే, నన్నెరిగినవాళ్లు నవ్వుతారు. మా కోడలు కూడా నవ్వింది. "అత్తయ్యా, మీరు హైస్కూల్లో ఎప్పుడు చదివారు?" అంది. చదవలేదు. నేను హైస్కూల్లో గంట కొట్టాను.

మా అమ్మ ఆ బడిలో ఆయా. గదులు ఊడ్చేది, కుండలు నింపేది, గంట కొట్టేది. ఆమెకు ఆయాసం వచ్చి చెయ్యి ఎత్తలేకపోతే గంట నాకొచ్చింది. నాకప్పుడు పధ్నాలుగేళ్లు. వరండా చివర ఇనప పట్టా ముక్క ఒకటి వేలాడేది, కింద నా పీట. ప్యూను వేలు చూపిస్తే కొట్టాలి. గడియారం చూడడం కూడా నాకు రాదు.

రేడియో తొమ్మిదో తరగతి. ఎప్పుడూ పాడుతూనే ఉండేది కాబట్టి ఆ పేరు. పాడకపోతే కూనిరాగం, అదీ కాకపోతే జామెట్రీ పెట్టె మీద వేళ్లు. లెక్కల మాస్టారికి ఒళ్లు మండేది. "రేడియో, బయట మోగు" అనేవాడు. బయటంటే వరండా. వరండా అంటే నా పీట పక్కన.

అలా కుదిరింది స్నేహం. ఆమెకు శిక్ష పడినప్పుడల్లా నాకు మహదానందం.

మొదటి రోజే నా గంట విని మొహం చిట్లించింది.

"ఎవరి మీద కోపం నీకు?"

"ఎవరి మీదా లేదు."

"మరి దాన్నలా బాదుతావేం? మధ్యలో కొడితే ఏడుస్తుంది. అంచున కొట్టి చూడు."

అంచున కొట్టాను. నిజమే, ఆ చప్పుడు చాలాసేపు గాలిలో నిలిచింది. రెండో పీరియడు మాస్టార్లందరూ తల బయటికి పెట్టి చూశారు, ఇవాళ గంట మారిందేమిటని. రేడియో నా చెవిలో అంది, "చూశావా, ఇనుముకి కూడా సరిగ్గా అడిగితే పాట వస్తుంది."

ఒకసారి లెక్కలు చేసుకురాలేదు. కిటికీలోంచి నాకు సైగ చేసింది, ఐదు నిమిషాలు ముందు కొట్టవే అని. కొట్టేశాను. ఆరువందల మంది పిల్లలు సంచులు తీసుకుని వీధిన పడ్డారు. లెక్కల మాస్టారు సుద్దముక్క పట్టుకుని ఖాళీ గదిలో బోర్డు వైపు తిరిగి ఇంకా మాట్లాడుతున్నాడట. అమ్మ చేతిలో నా వీపు విమానం మోత మోగింది. మర్నాడు రేడియో నా వీపు చూసి ఏడ్చింది, ఏడుస్తూనే అడిగింది, "ఏ తాళంలో కొట్టిందే?"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. వీపు నొప్పితో నవ్వలేక నేను ఏడ్చాను, నవ్వు ఆగక అది మళ్లీ ఏడ్చింది.

నాకు అక్షరాలు రావని తెలిసిన రోజు మాత్రం నవ్వలేదు.

"పాటలు వస్తాయా?"

"విన్నవి వస్తాయి."

"అయితే అక్షరాలూ వచ్చేసినట్టే," అని గుణింతానికి వరస కట్టింది. కకు దీర్ఘమిస్తే కా, అని మొదలెట్టి సున్న దాకా. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగాలో, ఎక్కడ నేను పట్టా మీద గోటితో టింగుమని కొట్టాలో అన్నీ ఉండేవి అందులో. పలక లేదు, బలపం లేదు. అక్షరం మొహం చూడకుండా దాని పాట మాత్రం నేర్చుకున్నాను, గొంతు విని మనిషిని గుర్తుపట్టినట్టు. ముఖాముఖి చూసింది నలభై ఏడేళ్ల తర్వాత. మా ఆయన పోయి, మందుసీసా మీద ఏం రాసుందో చదివి చెప్పే మనిషి ఇంట్లో లేక, పెద్దవాళ్ల బడిలో చేరినప్పుడు.

నా గొంతు సంగతి కూడా చెప్పాలి. నాకు శ్రుతి లేదు. రేడియో మొహమాటం లేకుండా చెప్పేది, "నీది చెవి మంచిదే, తాళం మంచిది. ఆ రెంటి మధ్యలో నోరు ఒకటి వచ్చిపడింది."

ఇప్పుడా నోరే మిగిలింది.

*

డాక్టరమ్మ నాలుగింటికి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, భుజానికి బొమ్మల కార్డుల సంచీ. మంచి పిల్ల. మంచి పిల్ల కాబట్టే ఇంకా విసుగొస్తుంది, తిట్టడానికి లేదు.

కప్పు బొమ్మ చూపించింది. "ఇదేంటి మేడం?" రేడియో కప్పు వైపు చూసింది. కుక్క బొమ్మ చూపించింది. కుక్క వైపు చూసింది. తలుపు. తలుపు వైపు కూడా చూడలేదు.

ఫోన్లో పాత పాటలు పెట్టింది. రేడియో దగ్గర పాట నేర్చుకున్న పిల్లలు ముగ్గురు పోయిన నెల వచ్చి పాడి వెళ్లారు, అది కూడా రికార్డు చేసి ఉంచింది. వాళ్లు ఎంత చక్కగా పాడారో. రేడియో వింటుంది, పెదవి కొస కూడా కదలదు.

"మీరు పాడండి ఆంటీ," అంది చివరికి. మాట పోయినవాళ్లకు ఒక్కోసారి పాట పట్టుకుని మాట వస్తుందని మొదటి వారమే చెప్పింది. అప్పుడే నేను గుణింతం వరస గురించి చెప్పాను. ఆరు వారాలుగా అదే పాడుతున్నాను.

పాడాను. పుస్తకంలో ఉన్నట్టు, పెద్దవాళ్ల బడిలో పంతులమ్మ దిద్దినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడాను. కకు తలకట్టిస్తే క. కకు దీర్ఘమిస్తే కా. కకు గుడిస్తే కి. కకు గుడిదీర్ఘమిస్తే కీ. సున్న దాకా వెళ్లి, గకి, చకి కూడా పాడాను.

రేడియో నన్నే చూసింది. చూపులో మనిషి ఉంది, అది నాకు తెలుసు. గోడ అవతల నడుస్తున్న మనిషి అడుగులు వినపడినట్టు తెలుస్తుంది. కానీ గోడకు తలుపు లేదు.

డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుంది.

"సారీ ఆంటీ," అంది మెల్లగా. కార్డులు సంచిలో పెట్టుకుని లేచింది. "కాగితం మీద సార్ సంతకం కూడా కావాలి. వెలుతురులో రాస్తాను," అని గడియారాన్ని తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్లింది.

గదిలో ముగ్గురం మిగిలాం. మరదలి మిషనులో దారం తెగింది. సూది కంటి దగ్గర దారం కొస నాలుకతో తడిపి పట్టుకుని, "వదిలేయండక్కా," అంది. ఈసారి కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా మండింది.

"ఏం వదలాలి?"

"మీ ప్రయత్నం మీరు చేశారు. దేవుడు కూడా వినే గొంతు కాదు మీది, అయినా ఏడు వారాలు పాడారు. ఇంకెవరు చేస్తారు అంతకన్నా."

"నువ్వు మొదటి రోజు నుంచీ ఇది ఇలాగే అవుతుందనుకున్నావు."

"అనుకున్నాను. అనుకుంటే తప్పా? ఆమెను పక్కకి తిప్పుతుంటే నా నడుము కలుక్కుమంటుంది, రోజుకు మూడుసార్లు. ఆమె పాట పాడే రోజుల్లో నన్ను ఒక్కసారి కూర్చోబెట్టి ఒక ముక్క నేర్పలేదు. 'నీకు రాదులే మరదలా' అనేది. ఇప్పుడు మాత్రం నేనే కావాలి."

రేడియో అలా అని ఉంటుంది. అనే మనిషే. నేను మరదలి వైపు చూడలేక మంచం వైపు తిరిగాను. కోపమంతా ఆ మూగ మొహం మీదికి వెళ్లింది.

"ఏమే, విన్నావా? విన్నావు కదా. ఇన్ని మాటలు పడుతున్నాను నీ వల్ల. ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది? బడిలో నోరు ముయ్యవే అంటే మూసేదానివి కాదు, ఇప్పుడు తెరవవే అంటే తెరవవు. అప్పుడూ నీ ఇష్టమే, ఇప్పుడూ నీ ఇష్టమే. నా మాట ఏనాడు విన్నావు కనక."

ఆ కోపంలోనే మంచం ఇనప పట్టీ మీద గోటితో కొట్టాను. ఒకటి, రెండు. నోరు దానంతటదే మొదలెట్టింది. పుస్తకం లేదు, పంతులమ్మ లేదు, ఏడుపు గొంతులో గబగబా పాడేస్తున్నాను.

"కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిసిస్తే కి..."

"గుడి."

నేను పాడుతూనే ఉన్నాను. రెండు ముక్కలు ముందుకు పోయాక ఆగాను.

రేడియో నొసలు చిట్లించి ఉంది. కుడివైపు పెదవి వేలాడుతోంది, ఎడమవైపు పెదవి విసుగ్గా వంగి ఉంది. ఆ విసుగు నాకు తెలుసు. యాభై ఏళ్లయినా మరిచిపోయే విసుగు కాదు అది.

చెప్పాలి మీకు. అక్షరం మొహం చూడకుండా నేర్చుకున్నానన్నాను కదా. గుడి అంటే అక్షరం నెత్తిన పెట్టే గుర్తు అని నాకేం తెలుసు? కకు గుడిస్తే అని అది పాడితే, కకు గుడిసె ఇస్తే అని నాకు వినపడింది. మేముండేది గుడిసెలో. పాపం, ఆ అక్షరానికి కూడా ఉండడానికి ఇల్లు ఇస్తున్నారు కాబోలు అనుకున్నాను. అలాగే పాడేదాన్ని. నేను పాడిన ప్రతిసారీ అది అదే చోట పాట ఆపించి, "గుడిసె కాదే మొద్దూ, గుడి" అనేది. ఎన్ని వందలసార్లు అందో. కొమ్ముని చెట్టుకొమ్మ అనుకున్నా ఊరుకుంది గానీ, గుడిసెని మాత్రం ఏనాడూ వదల్లేదు.

నేను చదువుకుని ఆ తప్పు దిద్దుకున్నాను. దిద్దుకుని, ఏడు వారాలు తప్పు లేకుండా పాడాను. తప్పు లేని పాటలో దానికి చెప్పడానికి ఏముంటుంది?

"డాక్టరమ్మా," అని కేకేశాను. లేవబోతే మోకాలు పట్టేసింది. "అమ్మా, రండి, అంది, మాట అంది."

ఆ పిల్ల పరుగున వచ్చింది, చేతిలో కలం మూత తీసే ఉంది. వెనకాల గడియారం.

"ఏమంది?"

"గుడి అంది."

"మళ్లీ చేయండి ఆంటీ. అలాగే చేయండి."

పట్టీ మీద కొట్టాను. కకు గుడిసిస్తే కి. రేడియో నన్ను చూసింది. ఇంకోసారి. కకు గుడిసిస్తే కి. కళ్లు కిటికీ వైపు తిప్పుకుంది. మూడోసారి పాడేసరికి కళ్లే మూసుకుంది.

"అనవే," అన్నాను. "నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి అనవే."

అనదు. నాకు తెలుసు అనదని. బడికి పెద్ద అధికారి వచ్చినప్పుడు హెడ్మాస్టరు దాన్ని స్టేజీ ఎక్కించి పాడమంటే కొయ్యలా నిలబడింది. ఆయన కారెక్కి వెళ్లిపోయాక, వరండాలో నాకు మొత్తం పాట పాడి వినిపించింది. అదేమంటే, "అడిగితే గొంతు దాక్కుంటుందే" అంది. దాని గొంతు అంతే. ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పను, చెబితే ఎవరు నమ్ముతారు?

డాక్టరమ్మ నా పక్కన గొంతుక్కూర్చుంది. "ఆంటీ, మనం చాలా కోరుకుంటున్నప్పుడు ఒక్కోసారి మూలుగు కూడా మాటలా వినిపిస్తుంది."

"మూలుగుకీ మాటకీ తేడా తెలియదా నాకు?"

"తెలుసు. కానీ నేను వినలేదు. నేను వినకపోతే రోజూ దగ్గరుండి చూసుకునే ఇంటిమనిషి విని చెప్పాలి, అప్పుడు రాయొచ్చు. చూడ్డానికి వచ్చిన వాళ్లు చెబితే ఒప్పుకోరు. నా చేతిలో లేదు." తల ఎత్తి గడియారం వైపు చూసింది. "సార్, మీరు..."

"నేను బయట మీతోనే ఉన్నాను కదమ్మా," అన్నాడు గడియారం. దొరికిపోయిన దొంగలా అన్నాడు.

అప్పుడు అందరం మిషను వైపు తిరిగాం.

మరదలి చేతిలో దారం కొస ఇంకా అలాగే ఉంది, సూదిలోకి ఎక్కలేదు. మిషను ఆగి ఉంది. గదిలో ఆ మాట అన్నప్పుడు వేరే చప్పుడేమీ లేదు. ఆమెకు వినపడింది. ఆమెకు వినపడిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు.

"మీరు ఇక్కడే ఉన్నారు కదా మేడం," అంది డాక్టరమ్మ. "ఏమైనా విన్నారా?"

మరదలు దారం కొస మళ్లీ తడిపింది. సూది కంట్లో పెట్టబోయింది, తప్పింది. ఇంకోసారి పెట్టబోయింది.

"చెప్పవే," అన్నాడు గడియారం.

"మీరు ఊరుకోండి," అంది. "సంతకం పెట్టే ముందు నన్ను అడిగారా, ఇప్పుడు చెప్పమంటున్నారు."

నాకది కొత్త సంగతి. సంతకం వెనకాల ఆమె ఉందనుకున్నాను ఇంతసేపూ. గడియారం గుండీ తిప్పడం ఆపి నేల చూశాడు.

"నేను అలసిపోయానన్నాను. పంపేయమని అనలేదు," అంది మరదలు ఎవరి వైపూ చూడకుండా. "ఆ రెండూ ఒకటేనని మీరే అనేసుకున్నారు."

వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినపడింది. 'లేదు' అంటే చాలు. ఒక్క మాట. నడుము నొప్పి తగ్గుతుంది, ముందుగది ఖాళీ అవుతుంది, కాలర్లు మంచం మీద పరుచుకోవచ్చు. ఆమె ఆ మాట అంటే తప్పు పట్టే హక్కు నాకు లేదు. వారానికి ఒక రోజు వచ్చే మనిషిని.

"విన్నాను," అంది మరదలు.

డాక్టరమ్మ కలం పైకెత్తింది.

"గుడి, అంది. స్పష్టంగానే అంది. ఈవిడ తప్పు పాడితే దిద్దింది. తెలిసే అంది, విసుక్కుంటూ అంది. నన్ను కూడా అలాగే విసుక్కునేది, ఆ గొంతు నాకు తెలియదా?"

నేను లేచి ఆమె దగ్గరికి వెళ్లబోయాను. అరచెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది.

"ఆగండి. నేను అబద్ధం చెప్పలేక చెప్పాను, మీకోసం కాదు. ఇప్పుడు నా మాట కూడా వినండి." డాక్టరమ్మ వైపు తిరిగింది. "వైద్యం సాగితే రోజూ ఎంతసేపు పాడాలి?"

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజూ. మధ్యలో మానకూడదు. కనీసం ఆరు నెలలు."

"మా ఇద్దరికీ ఆ వరస రాదు. ఆ తప్పు అసలే రాదు." ఇప్పుడు నా వైపు చూసింది. "ఆ గుడిసె మీది గంటమ్మక్కా. శనివారం వ్యాను వద్దు. శనివారం మీరు రండి, బట్టలు సర్దుకుని రండి. పాట ఒక్కటే కాదు. తిప్పడం, తుడవడం, తినిపించడం, అన్నిట్లో సగం మీది. వస్తానంటే ఈ అమ్మాయి 'విన్నారు' అని రాస్తుంది. రానంటే విన్నానని కాగితం మీద నేను సంతకం పెట్టను."

"అదేం మాటే," అన్నాడు గడియారం.

"ఇదే మాట."

తొమ్మిది నెలల పిల్ల కళ్లముందుకొచ్చింది. సోమవారం పొద్దున కొత్త చెప్పులు వేసుకుని, గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగి, "మీరున్నారనే ధైర్యం అత్తయ్యా" అని వెళ్లిన కోడలు కళ్లముందుకొచ్చింది. ఏ ఆడపిల్ల ధైర్యం తీసి ఏ ఆడపిల్లకి ఇవ్వాలి నేను? నేను అడగకుండా వచ్చిన వాటా కాదు ఇది. మనిషిని గోడవైపు తిప్పుతారా అని ఈ గదిలో నిలబడి గొంతు చించుకున్నది నేనే.

"ఐదున్నరకి నా బస్సు," అంది డాక్టరమ్మ, నొచ్చుకుంటూనే. కాగితం ఒళ్లో ఉంది. కలం మొన కాగితానికి వెంట్రుకవాసి పైన ఆగింది.

మరదలు సూదిలో దారం ఎక్కించేసింది. కాలు మిషను మీద పెట్టింది గానీ తొక్కలేదు.

మంచం మీద రేడియో కళ్లు తెరిచింది. అడిగినంతసేపూ తిప్పుకున్న మొహం ఇప్పుడు నావైపు తిప్పింది. 'రా' అని లేదు ఆ చూపులో. 'వద్దు' అని కూడా లేదు.

"చెప్పండక్కా," అంది మరదలు. "ఇప్పుడు మీరనండి, ఒక్క మాట."

— గంటమ్మ
వయసు అరవై అయిదు
ఇప్పుడు ఉంటున్నది: రేడియో తమ్ముడి ఇంట్లో, ముందుగదిలో, రెండో మంచం